ఏడో టేపు

ఒకే మనిషికి మూడు ఉత్తరాలు రాశాను. రెండు నిజామాబాదులో ఇంటి అడ్రసుకు, ఒకటి వాళ్ళ తమ్ముడి సైకిలు షాపుకు. ఒక్కదానికీ జవాబు లేదు. మూడోది రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు సంతకం పెట్టిన కార్డు నాకు తిరిగొచ్చింది. సంతకం అతనిదే. అంటే విప్పాడు, చదివాడు, ఊరుకున్నాడు. నా మాటకు జవాబు చెప్పకుండా ఊరుకోవడం మనుషులకు కొత్త కాదు. మా వీధి దీపం గురించి పంచాయతీలో నేనిచ్చిన అర్జీలు ఎన్నో నాకే లెక్క తెలియదు. అయినా ఆ దీపం వేరు, ఇది వేరు.

ఆ మూడు ఉత్తరాల్లోనూ నేను ఒక ప్రశ్న అడిగాను. నేను చేసిన పని మాత్రం రాయలేదు. ఒకవేళ అందుకే జవాబు రాలేదా? తెలియదు. అందుకని ఈసారి పని ముందు చెప్పి, ప్రశ్న చివర అడుగుతాను. ఇది చదువుతున్న మీరు నాకు ఏమీ కారు. నా ముఖం మీకు తెలియదు. అదే మంచిది.

నా బీరువా పై అరలో, పాత పంచెలో చుట్టి, ఒక వీడియో టేపు ఉంది. ముప్పై ఏళ్ళు దాటింది. అది నాది కాదు. చేత్తో పట్టుకుంటే బరువే ఉండదు. అయినా ఆ అర తెరిచిన ప్రతిసారీ నా భుజాలు కిందికి దిగుతాయి. మా ఇంట్లో వాళ్ళు అది పెళ్ళి క్యాసెట్టు అనుకుంటారు. ఎవరి పెళ్ళి అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో.

మాది కడప జిల్లా. తొంభైల మొదట్లో నేను ఖతర్‌లో డ్రైవరును. మొదట ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవరు, తర్వాత ఒక జపాను కంపెనీలో. అబూ హమూర్‌లో కంపెనీ అద్దెకు తీసుకున్న విల్లాలో ఆరుగురు జపాను ఇంజనీర్లు ఉండేవాళ్ళు. వాళ్ళను వ్యానులో ప్రొద్దున్నే రాస్ లఫాన్ సైటుకు తీసుకుపోవడం, సాయంత్రం తిరిగి తేవడం నా డ్యూటీ. గంటకు పైగా దారి. ఇసుక, స్తంభాలు, మళ్ళీ ఇసుక. విల్లా గేటు పక్క గదిలో నేను పడుకునేవాణ్ణి. వంటగది పక్క గదిలో జబ్బార్ భాయ్. అతను వంటమనిషి. నిజామాబాదు. నేను ఉత్తరాలు రాసింది అతనికే.

ఆ ఆరుగురిలో పెద్దాయన హమాదా సాన్. పైపులైన్ల సర్వే ఆయన పని. రిటైరయ్యే వయసు. మిగతా వాళ్ళు వ్యానులో నిద్రపోయేవాళ్ళు, ఆయన మేలుకుని కిటికీ వైపు చూస్తూ ఉండేవాడు. చూస్తూ ఉండేవాడు అని రాశాను. అది నిజమో కాదో ఇప్పుడు చెప్పలేను. ఎందుకో మీకు ముందు ముందు తెలుస్తుంది.

జపానులో బేస్‌బాల్ అంటే మనకు క్రికెట్ ఎట్లాగో అట్లా. ప్రతి ఏడాదీ చివర్లో రెండు లీగుల్లో గెలిచిన రెండు జట్లు తలపడతాయి. ఏడు ఆటలు. ఎవరు ముందు నాలుగు గెలిస్తే ఆ ఏడాది వాళ్ళది. ఆ ఏడు హమాదా సాన్ పుట్టిన ఊరి జట్టు అక్కడిదాకా వచ్చింది. వాళ్ళవి ఎర్ర టోపీలు. ఎదుటివాళ్ళవి నీలం టోపీలు. జట్ల పేర్లు నాకు నోరు తిరగలేదు. టోపీలతోనే గుర్తుపెట్టుకున్నాను.

సెలవు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు ఆ ఏడు ఆటలూ తాను చూడకుండానే ఏడు టేపుల్లో రికార్డు చేయించి పెట్టెలో తెచ్చాడు. ఆ రోజుల్లో బయటి నుంచి వచ్చే టేపులను ఎయిర్‌పోర్టులో తీసుకుని రసీదు ఇచ్చేవాళ్ళు. తర్వాత ఒక ఆఫీసులో ఒక మనిషి కూర్చుని వాటిని చూసి, అభ్యంతరం లేదనుకుంటే ముద్ర వేసి తిరిగిచ్చేవాడు. రసీదు నా చేతికిచ్చి తెమ్మన్నారు. పోయాను. అక్కడి గుమాస్తా సూడాన్ మనిషి, మంచివాడు, అద్దాలు తుడుచుకుంటూ మాట్లాడేవాడు. ఒక్కో టేపు మూడున్నర గంటలు. సినిమా అయితే బొత్తాం నొక్కి ముందుకు పరిగెత్తించేవాడేమో. ఆటలో ఎక్కడ ఏముంటుందో తెలియక మొదటి నుంచి చివరి దాకా చూశాడు. వారానికి ఒకటి కంటే కుదరదన్నాడు. గురువారం రమ్మన్నాడు.

అట్లా అది ఏడు వారాల పండుగ అయింది. గురువారం నేను టేపు తేవడం, శుక్రవారం జబ్బార్ భాయ్ జుమ్మా నమాజు నుంచి వచ్చి భోజనాలు పెట్టాక హాల్లో అందరూ కూర్చుని చూడడం. ఫలితం ఎవరూ ముందుగా తెలుసుకోకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఆట గురించి ఒక్క ముక్క రాయవద్దని ఆ ఆరుగురిలోనే ఒకడైన మేనేజరు టోక్యోకు ఫ్యాక్సు పంపాడు. జపాను నుంచి వచ్చే పేపర్లు విప్పకుండా తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. జపానులో అందరికీ తెలిసిన సంగతి అబూ హమూర్‌లో ఒక్క ఇంట్లో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ ఇంటి బయట ఒక్కరికి తెలుసు, ఆ సూడాన్ గుమాస్తాకు. వారం వారం నన్ను చూడగానే నవ్వు ఆపుకునేవాడు.

ఒక్కటి అడుగుతాను. గురువారం గురువారం ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చుని, ముద్ర వేసేదాకా ఆగి, టేపు తెచ్చింది ఎవరు? నేను. ఒక్కరైనా ఎట్లా తెచ్చావని అడిగారా? లేదు. కొత్త సంవత్సరానికి జబ్బార్ భాయ్‌కి చిన్న రేడియో ఇచ్చారు. నాకు ముఖం తుడుచుకునే తువ్వాలు. అది ఇంకా నా దగ్గర ఉంది, వాడలేదు. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, నేను చేసిన పనికి వీటిలో ఏది కారణమో నాకు తెలియక. ఒకటొకటీ చేత్తో తీసి చూస్తే ఏదీ అంత పెద్దది కాదు.

మొదటి నాలుగు శుక్రవారాలు నేను కూడా హాల్లో కూర్చున్నాను, తలుపు దగ్గర. జబ్బార్ భాయ్ కుర్చీ హమాదా సాన్ పక్కన, దాదాపు టీవీకి ఆనుకుని. వంటమనిషికి అంత ముందు చోటేమిటని నాకు మొదటి రోజే గుచ్చుకుంది. పైగా ఆట అంతా అతను ఆయన చెవిలో ఏదో చెబుతూనే ఉండేవాడు. ఆ ఆట గురించి అతనికి తెలిసింది నాకంటే తక్కువ. ఏం చెబుతున్నాడు?

నాలుగో శుక్రవారం సంగతి. ఎర్ర టోపీవాడు బంతిని గట్టిగా కొట్టాడు. అది పైకి లేచి, వల దాటి, వెనక జనంలో పడింది. క్రికెట్ చూసినవాడికి కీపరు వెనక్కి పోయినా ఆరు ఆరే. నేను లేచి "సిక్సర్" అని అరిచాను. నా గొంతు పెద్దది, చిన్నప్పటి నుంచీ అంతే. హమాదా సాన్ రెండు చేతులూ పైకెత్తి కుర్చీలోంచి లేచాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు. తర్వాత హాలంతా నవ్వింది. బేస్‌బాల్‌లో వెనక్కి పోయిన బంతి దేనికీ పనికిరాదట. హమాదా సాన్ నిలబడే ఉన్నాడు, చేతులు దించి. జబ్బార్ భాయ్ చెవిలో చెప్పాక ఆయన కూడా నవ్వాడు. కళ్ళనీళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు.

ఆ రోజు నుంచి నా పేరు పోయింది.

"ఏం సిక్సర్ సాబ్, చాయ్ తాగుతవా?" అన్నాడు జబ్బార్ భాయ్ మర్నాడు.

"నా పేరు అది కాదు."

"మంచిగనే ఉన్నది గదా. ఫిరీగ అచ్చింది, పెట్టుకో."

ఇంజనీర్లు కూడా వ్యాను ఎక్కుతూ సిక్సర్ సాన్, సిక్సర్ సాన్ అనేవాళ్ళు. అవమానమే అనుకున్నాను. సాన్ అంటే గారు అని నాకు తెలుసు. గారు తగిలించి మరీ అవమానిస్తున్నారనుకున్నాను.

ఐదో శుక్రవారం నేను హాల్లోకి పోబోతుంటే జబ్బార్ భాయ్ తలుపు దగ్గర అడ్డం నిలబడ్డాడు. నాతో నవ్వకుండా మాట్లాడింది అదొక్కసారే.

"భాయ్, నువ్వు ఇయ్యాల్టి సంది బయట కూసోవాల్నట."

"సరే" అన్నాను.

ఇంతే. ఎవరన్నారని అడగలేదు. మేనేజరా? హమాదా సానా? ఎవరూ అనకుండా అతనే అన్నాడా? ఎందుకు అని కూడా అడగలేదు. అడిగితే చిన్నబోతాననుకున్నాను. ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల ముప్పై ఏళ్ళుగా దాన్నే అడుగుతున్నాను.

బయట వరండాలో కూర్చున్నాను. చలికాలం. ఖతర్‌లో ఏడాదిలో బయట కూర్చోగలిగిన నెలలు అవే. కష్టం అది కాదు. కిటికీ తెరిచే ఉంది. లోపల జబ్బార్ భాయ్ గొంతు వినిపించేది. వచ్చీరాని ఇంగ్లీషు, మధ్యమధ్య ఉర్దూ. బాల్ లెఫ్ట్ గయా. బాల్ నీచే. మ్యాన్ రన్నింగ్, రన్నింగ్, బస్, ఖలాస్. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. కాలేదా? అర్థం చేసుకోవద్దనుకున్నానా? ఒక మనిషి పక్కన కూర్చుని బంతి ఎటు పోయిందో మరొకరికి చెబుతున్నాడంటే దానికి ఎన్ని అర్థాలుంటాయి?

ఆరో శుక్రవారం లోపల ఇల్లు ఎగిరిపోయేంత కేక లేచింది. కొంతసేపటికి హమాదా సాన్ ఒక్కడే గోడ పట్టుకుంటూ వరండాలోకి వచ్చాడు. నా వైపు తిరిగి, అయితే నన్ను కాకుండా నా పక్కనున్న పూలకుండీని చూస్తూ, ఒక చేతి మూడు వేళ్ళు చూపించాడు. తర్వాత రెండో చేతి మూడు వేళ్ళు. మూడు, మూడు. ఇక మిగిలింది ఒక్కటే ఆట. లోపల ఐదుగురుండగా బయటికొచ్చి నాకెందుకు చెప్పాడు? బయట కూర్చోబెట్టింది ఆయనే అయితే ఎందుకు చెప్పాడు? ఆయన కాకపోతే లోపలికి ఎందుకు పిలవలేదు? నేను లేచి నిలబడ్డాను. ఆయన ఆ పూలకుండీకి కొంచెం తల వంచి లోపలికి పోయాడు.

ఏడో టేపుకు ముందు బుధవారం జబ్బార్ భాయ్ వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ చెప్పాడు.

"శనివారం పోతుండు పెద్దాయన. కండ్లు. ఒకటి మొత్తం పాయె. రెండోదానికి ఆపరేషన్ చేస్తరట, డాక్టరుకే డౌటున్నదట. గందుకే శుక్రవారం ఆట చూసే పోతనన్నడు."

నాకు తెలియదని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆయన శనివారం పోతున్నాడని తెలియదు, కళ్ళ సంగతి తెలియదు, తెలిసి ఉంటే చేసేవాణ్ణి కాదు అని. ఇక్కడ దాకా రాసి రెండు రోజులు పెన్ను పక్కన పెట్టాను. తెలుసు. బుధవారమే తెలుసు. గురువారం చేశాను.

గురువారం గుమాస్తా టేపు ఇస్తూ రెండు చేతులతో ఇచ్చాడు. టీ తెప్పించాడు. "నేను చెప్పను. నువ్వే చూడు. వల్లా, ఒట్టు, చాలా మంచి ఆట" అని అరబ్బీ, హిందీ కలిపి అన్నాడు. ముద్ర ఉంది, సంతకం ఉంది, అంతా సరిగ్గా ఉంది. వ్యానులో కూర్చున్నాను. అప్పటిదాకా నా మనసులో ఏమీ లేదు. ఇంజను వేశాక అనుకున్నాను, రేపు కూడా నేను బయటే కూర్చుంటాను. నేను తెచ్చిన టేపును, నేను లేకుండా చూస్తారు. దిగి, వ్యాను వెనక తలుపు తీసి, స్టెప్నీ కింద గుడ్డలో చుట్టి పెట్టాను.

ఒక్క రోజు కోసం. నన్ను నమ్మండి, లేక నమ్మకండి, ఆలోచన మాత్రం అంతే. టేపు రాలేదంటే అందరూ నా చుట్టూ చేరతారు. ఎందుకు రాలేదు, ఏం చేద్దాం, నువ్వే ఏదైనా చెయ్యి అని అడుగుతారు. నేను కొంచెం బెట్టు చేసి, మళ్ళీ పోయి ప్రయత్నిస్తానని చెప్పి, శుక్రవారం భోజనాల వేళకు తెచ్చి ఇస్తాను. గుమాస్తా ఇంటికి పోయి బతిమాలి తెచ్చానంటాను. అప్పుడు నా కుర్చీ ఎక్కడ వేస్తారో చూస్తాను.

సాయంత్రం మేనేజరు అడిగాడు. "మమ్నూ" అన్నాను. అంటే నిషేధం. ఆ ముక్కకు ఆ దేశంలో ఎదురు ప్రశ్న ఉండదని తెలిసే అన్నాను. మేనేజరు తల ఊపి, జపాను భాషలో మిగతా వాళ్ళకు చెప్పాడు. ఎవరూ నా చుట్టూ చేరలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. సర్కారు కాదంది, అయిపోయింది. హమాదా సాన్ ఒక్క మాట అన్నాడు. తర్వాత జబ్బార్ భాయ్‌ని అడిగితే, ఏం చేస్తాం, తప్పదు అని దానికర్థమన్నాడు.

నేను గదిలో కూర్చుని ఎదురుచూశాను. అడగండి. ఒక్కరు అడగండి, ఇస్తాను. అడగకపోతే నేనెందుకివ్వాలి? ఈ మాట రాస్తుంటే నాకే వింతగా ఉంది. దొంగిలించినవాడు, అడగలేదేమని అలిగి కూర్చోవడం. అయినా ఆ రోజు నాకది న్యాయంగానే ఉంది. ఇవాళ కూడా, ఎక్కడో ఒక మూల, ఇంకా కొంచెం న్యాయంగానే ఉంది. ఇది కూడా ఒప్పుకుంటున్నాను.

శుక్రవారం వచ్చింది. ఏడో ఆటకని జబ్బార్ భాయ్ ముందే ఒప్పుకున్న బిర్యానీ, డబల్ కా మీఠా చేశాడు. ఎవరూ సరిగ్గా తినలేదు. మేనేజరు సొరుగు తాళం తీసి పేపర్లు తెచ్చి చదవమంటారా అని హమాదా సాన్‌ని అడిగాడట. నేను వెళ్ళాక చదువుకోండి అన్నాడట ఆయన. అయినా మధ్యాహ్నం రెండింటికి పోయి టీవీ ముందు తన కుర్చీలో కూర్చున్నాడు. టీవీ ఆపే ఉంది. కిటికీలోంచి నేను చూశాను. నా టేపు, కాదు, ఆయన టేపు, నాకు ఇరవై అడుగుల దూరంలో వ్యానులో ఉంది.

జబ్బార్ భాయ్ పళ్ళెంలో బిర్యానీ పెట్టుకుని నా గదికి తెచ్చాడు.

"తిను" అన్నాడు. గడపలో నిలబడి, "ఇయ్యాల నీ కుర్చీ లోపల్నే ఏసిన" అన్నాడు.

నేను తలెత్తి చూశాను. అతను నన్నే చూస్తున్నాడు. నిజంగానే ఆ రోజు నన్ను లోపల కూర్చోబెట్టాలనుకున్నారా? లేక అతనికి అనుమానం వచ్చి, నా నోటి నుంచి వస్తుందేమోనని ఆ మాట వేసి చూశాడా? మొదటిది నిజమైతే నేను చేసింది దేనికి? రెండోది నిజమైతే అతను మేనేజరుకు ఎందుకు చెప్పలేదు? పళ్ళెం అందుకున్నాను. "టేపు ఉంది, రా" అనడానికి నోరు తెరిచాను కూడా. అంటే మమ్నూ అబద్ధమవుతుంది. ఉద్యోగం పోతుంది, అదొకటి. అంతకంటే, సిక్సర్ సాబ్ పక్కన దొంగ అనే పేరు చేరుతుంది. బిర్యానీ తిన్నాను. బాగుంది. అది కూడా గుర్తుంది.

శనివారం మధ్యాహ్నం ఆయనను ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకుపోయాను. మిగతా వాళ్ళు సైటులో ఉన్నారు. ఆయన పెట్టెను వ్యాను వెనక, స్టెప్నీ పైన పెట్టాను. ఎప్పుడూ వెనక కూర్చునే మనిషి ఆ రోజు తడుముకుంటూ ముందు తలుపు తీసి నా పక్కన కూర్చున్నాడు. తర్వాత మాకు అలవాటైన వచ్చీరాని ఇంగ్లీషులో, హిందీలో మొదలుపెట్టాడు. ఆ మాటలు తెలుగులో రాస్తాను, లేకపోతే నవ్వొస్తుంది. నవ్వే మాటలు కావవి.

"సిక్సర్ సాన్, ఏడో టేపు నువ్వు చూడలేదు కదా?"

"లేదు సార్."

"మంచిది. నేనూ చూడలేదు. జపాను పోయాక నేను ఎవరినీ అడగను. ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకుంటాను."

ఆయన రెండు చేతులతో చెవులు మూసి చూపించాడు. నేను రోడ్డు చూస్తున్నాను.

"ఎప్పుడో ఒకప్పుడు టేపు ఇస్తారు. ఇచ్చినప్పుడు నువ్వు చూడు. చూసి నాకు చెప్పు. జబ్బార్ సాన్ మంచివాడు, గొంతు చిన్నది. నీ గొంతు పెద్దది. ఆ రోజు నువ్వు అరిస్తే నాకు బంతి కనిపించింది."

"అది తప్పు బంతి సార్."

"తప్పుదే. అయినా కనిపించింది."

జేబులోంచి ఒక కాగితం తీసి, అద్దం కిందున్న అరలో పెట్టాడు. ఆయన అడ్రసు. ఒక వైపు జపాను అక్షరాలు, ఒక వైపు ఇంగ్లీషు. ముందే రాయించి పెట్టుకున్నాడన్నమాట.

అప్పుడు వ్యాను ఆపవచ్చు. ఆపి, వెనక్కి పోయి, పెట్టె పక్కకు జరిపి, టేపు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టవచ్చు. కనీసం తీసుకుపోయేవాడు. ఉన్న కంటితో అక్కడ ఎవరి పక్కనో కూర్చుని చూసేవాడు. ఒక సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది కూడా. వ్యాను ఆగింది. నా చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. పచ్చ లైటు పడింది. వెనక ఎవడో హారను కొట్టాడు.

ఎయిర్‌పోర్టులో పెట్టె దించేటప్పుడు టేపు చుట్టిన గుడ్డ అంచు కనిపించింది. నాకు కనిపించింది. ఆయనకు కనిపించదు. ఆయన నాకు తల వంచి నమస్కారం చేశాడు, ఈసారి సరిగ్గా నా వైపే.

నేను ఉత్తరం రాయలేదు. ఏమని రాయాలి? ఆట చూడకుండా ఏం రాయాలి? చూడాలంటే నాకు అందేది విల్లాలోని టేపు డెక్కు ఒక్కటే, అక్కడ పెట్టలేను. ఏడాది గడిచింది. నేను ఇంకో కంపెనీకి మారాను. టేపును రుమాళ్ళ మధ్య దాచి ఊరికి తెచ్చాను. మా టౌనులో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కుర్రాళ్ళ షాపులో వేయించాను. జపాను టేపులు మన డెక్కుల్లో సరిగ్గా ఆడవని అప్పటిదాకా నాకు తెలియదు. బొమ్మ కింది నుంచి పైకి పరిగెత్తుతూనే ఉంది. రంగులు లేవు. అంతా బూడిద. నాకు తెలిసిన జట్లు రెండూ టోపీల రంగులే. ఇక్కడ ఎర్రవీ నల్లగా ఉన్నాయి, నీలంవీ నల్లగా ఉన్నాయి. మూడున్నర గంటలు నిలబడి చూశాను. చివర్లో ఒక జట్టువాళ్ళు మైదానంలోకి పరిగెత్తి, ఒక పెద్దమనిషిని చేతుల మీద పైకి ఎగరేసి పట్టుకున్నారు. మళ్ళీ ఎగరేశారు. ఆయన గాల్లో ఉండగా బొమ్మ జారిపోయింది. ఎవరు గెలిచారో నాకు తెలియదు.

ఇప్పుడు మా అల్లుడు ఫోనులో ఒక్క నిమిషంలో చూసి చెబుతానంటాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అతనికి చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగకుండా ఉంటే, ఆయనకు ఇచ్చిన మాటల్లో ఒక్కటైనా నిలబెట్టినట్టా? నేను ఆయనకు మాటే ఇవ్వలేదు కదా. మరి ఇది ఏమిటి? పట్టుదలా, పశ్చాత్తాపమా? నాలో ఆ రెండూ ఎక్కడ విడిపోతాయో నాకెప్పుడూ తెలియలేదు. ఆయన కూడా నిజంగానే చెవులు మూసుకున్నాడా? జపానులో అది సాధ్యమేనా? నన్ను సంతోషపెట్టడానికి అన్నాడా? లేక అంతా తెలిసే అన్నాడా, స్టెప్నీ కింద ఏముందో? ఆ కంటికి ఏమైందో కూడా నాకు తెలియదు. ఇప్పుడు ఉంటే చాలా పెద్దవాడై ఉంటాడు. అడ్రసు కాగితం టేపుతోపాటే పంచెలో ఉంది.

చెప్పవలసింది చెప్పాను. టేపును ఏ ఆఫీసూ ఆపలేదు. ఆ గుమాస్తా ముద్ర వేసి, రెండు చేతులతో ఇచ్చాడు. ఆపింది నేను. ఈ వాక్యం రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాక గదిలో ఏమీ మారలేదు గాని, ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. అంతే. దీనికి మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించడం మీ చేతుల్లో లేదు.

ఇక ప్రశ్న. జబ్బార్ భాయ్, ఇది ఎవరైనా నీకు చూపిస్తారు, నాకు తెలుసు. నా తప్పు నేను ముందు చెప్పాను, ఈసారి దాచలేదు. నువ్వు కూడా చెప్పు. ఐదో శుక్రవారం నన్ను బయట కూర్చోమన్నది ఎవరు? మేనేజరా? నువ్వా? నా గొంతుకు మళ్ళీ మోసపోయి అందరి ముందు లేచి నిలబడాల్సి వస్తుందేమోనని ఆయనే అడిగాడా? ఆయనే అయితే ఆ మాట కూడా దాచకుండా రాయి, నేను తట్టుకుంటాను. ఏడో శుక్రవారం నా కుర్చీ నిజంగా లోపల వేశావా? నాకు ఉత్తరం అక్కర్లేదు. ఒక కార్డు ముక్క మీద ఒక్క పేరు రాయి, కుర్చీ వేశావో లేదో రాయి. నేను ఇక్కడే ఉన్నాను. అడ్రసు నీ దగ్గర మూడు కవర్ల మీద ఉంది. జవాబు చెప్పు.